మెడికల్ సీటు: డెబ్భై ఐదేళ్ళ ప్యాచీలు

"మా రోజుల్లో ఎంసెట్ అంటే ఎంసెట్టే. ర్యాంకొస్తే సీటు, రాకపోతే బీయస్సీ. ఇప్పుడు నీట్ వచ్చాక అంతా డబ్బూ, కోటాలూ, కోర్టు కేసులూ అయిపోయింది." ఈ మాట మీరూ వినే ఉంటారు, బహుశా ఎప్పుడో అనే ఉంటారు. నీట్ జరిగిన ప్రతి వేసవిలోనూ మన ఆఫీసుల్లో కాఫీ మిషను దగ్గర ఇదే చర్చ. ఇంతకీ "మా రోజులు" అంటే ఎప్పుడు అని అడిగి చూడండి. 1988లో రాసినాయన 1988 అంటాడు, 1999లో రాసినావిడ 1999 అంటుంది. ఎవరు రాసిన ఏడాది వాళ్ళకి స్వర్ణయుగం.

నాకు అర్థమైనంతలో ఆ స్వర్ణయుగం అసలు లేదు. మెడికల్ సీట్లకి మన వైపు ఏ కాలంలో చూసినా డబ్బో, కోటానో, కోర్టో ఏదో ఒకటి కనపడుతూనే ఉంది. మన భాషలో చెప్పాలంటే ఇదొక పాత ప్రోగ్రాం. ఎవరో ఎప్పుడో రాశారు, తర్వాత వచ్చినవాళ్ళు కొట్టెయ్యకుండా మీద మీద ప్యాచీలు వేస్తూ పోయారు. ప్రతి జీవో ఒక ప్యాచీ, ప్రతి కోర్టు తీర్పు ఒక బగ్ రిపోర్టు. కోడు చదవకుండా "పాత వెర్షనే బావుండేది" అనడం మనకి అలవాటే కాబట్టి, ఒకసారి పాత వెర్షన్లన్నీ వరసగా చూద్దాం. దేశమంతా తిరగకుండా బెజవాడలో నిలబడి చూస్తే చాలు, ఎందుకంటే ఈ కథలో చాలా మలుపులు మన దగ్గరే తిరిగాయి.

330 సీట్లు

కృష్ణా జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం మొత్తానికీ నాలుగు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు. మద్రాసులో రెండు, విశాఖపట్నంలో 1923లో పెట్టింది ఒకటి, గుంటూరులో 1946లో పెట్టింది ఒకటి. నాలుగింట్లో కలిపి సీట్లు 330. అందులో 17 బయటి రాష్ట్రాల వాళ్ళకి, 12 ప్రభుత్వం తన ఇష్టప్రకారం ఇచ్చుకోడానికి. మిగిలినవి జిల్లాల్ని నాలుగు గుంపులు చేసి పంచేవాళ్ళు. ప్రతి గుంపులోనూ మళ్ళీ ప్రతి 14 సీట్లకీ ఒక లెక్క: బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లిములకి 1. దీన్నే కమ్యూనల్ జీవో అనేవాళ్ళు.

ఈ అంకెలు మనకి ఎలా తెలుసంటే, చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు తన తీర్పులో రాసింది కాబట్టి. 1951 ఏప్రిల్ 9న కోర్టు ఆ జీవోని కొట్టేసింది. రెండు నెలల్లో పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) అనే క్లాజు చేర్చింది. వెనకబడిన వర్గాలకీ ఎస్సీ, ఎస్టీలకీ కాలేజీ సీట్లలో రిజర్వేషన్ ఇవ్వడానికి ఇప్పటికీ ఆధారంగా నిలబడ్డ క్లాజుల్లో అదొకటి. మొదటి సవరణ అంటే పత్రికా స్వేచ్ఛ, జమీందారీ భూములు అని చదువుకుంటాం. దాని వెనక ఒక మెడికల్ సీటు కూడా ఉందన్నది మర్చిపోతాం.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, 1950 నాటికే ఈ ప్రోగ్రాంలో మూడు ఇన్‌పుట్లూ ఉన్నాయి. నీ జిల్లా ఏది, నీ కులం ఏది, నీ మార్కులెన్ని. ఆ వరసలో మార్కులు మూడోవి. ప్రభుత్వం ఇష్టప్రకారం ఇచ్చే 12 సీట్ల సంగతి సరేసరి, వాటికి మార్కులతో పనే లేదు.

మార్కులా, పరీక్షా?

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కర్నూలు, కాకినాడ, వరంగల్, తిరుపతి కాలేజీలు వచ్చాయి. సీట్లు పెరిగాయి, చిక్కూ పెరిగింది. ఆంధ్రా యూనివర్సిటీలో పీయూసీ చదివినవాడూ, ఉస్మానియాలో చదివినవాడూ, హయ్యర్ సెకండరీ నుంచి వచ్చినవాడూ ఒకే సీటుకి పోటీ. ఒక చోట పేపర్లు దయగా దిద్దుతారు, ఇంకో చోట పిసినారితనంగా. ఈ మార్కులన్నిటినీ ఒకే వరసలో ఎలా పెడతాం? యూనిట్లు వేరైన రెండు కాలమ్‌లని కలిపి సార్ట్ చేస్తే ఏమొస్తుందో మనకి తెలుసు కదా.

దాంతో 1970-71 అడ్మిషన్లకి ప్రభుత్వం ఎంట్రన్స్ టెస్టు పెట్టింది. అందరికీ ఒకటే పేపరు. క్వాలిఫయింగ్ పరీక్షలో మంచి మార్కులొచ్చి ఈ టెస్టులో వెనకబడ్డ పిల్లలు కోర్టుకెళ్ళారు. యూనివర్సిటీ ఇచ్చిన మార్కులు చేతిలో ఉండగా మళ్ళీ ఇంకో పరీక్ష ఏమిటి అన్నది వాళ్ళ వాదన. హైకోర్టు వాళ్ళ పక్షం చెప్పింది. 1971లో సుప్రీంకోర్టు ఆ తీర్పు తిరగేసింది. కాలేజీ నడిపే ప్రభుత్వానికి సీట్లకన్నా అభ్యర్థులు ఎక్కువున్నప్పుడు వాళ్ళలోంచి ఏరుకునే పద్ధతి నిర్ణయించుకునే అధికారం ఉందనీ, అర్హత వేరు ఎంపిక వేరు అనీ తేల్చింది. ఆ తర్వాత దేశంలో ఎంట్రన్స్ టెస్టుల మీద వచ్చిన కేసుల్లో ఈ తీర్పుని చూపిస్తూ వచ్చారు. అంటే ఇవాళ నీట్‌ని తిట్టుకుంటున్నామే, దాని పునాదిరాయి ఒకటి మన హైదరాబాదులోనే పడిందన్నమాట.

టెస్టుని నేను తక్కువ చెయ్యను. దానికి ముందు వాడుకలో ఉన్న ఇంకో పద్ధతి ఇంటర్వ్యూ. పక్కనున్న తమిళనాడులో మెడికల్ సీట్లకి ఇంటర్వ్యూ మార్కులు ఎడాపెడా పడుతున్నాయని 1970లోనే సుప్రీంకోర్టు తప్పు పట్టింది. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దమనిషికి నీ ఇంటిపేరు వినపడుతుంది, నీ చొక్కా కనపడుతుంది, నీ నాన్న ఎవరో తెలుస్తుంది. దిద్దే మిషనుకి అవేమీ తెలియవు. దివిసీమలో కౌలురైతు కొడుకైనా బెజవాడ డాక్టరు కూతురైనా దానికి నల్లటి గుండ్రాలే. ఇది చిన్న సంగతి కాదు.

కానీ మిషనుకి తెలియని ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గుండ్రాలు నింపడం ఎవరు ఎవరికి, ఎన్నేళ్ళు, ఎంత ఖర్చుపెట్టి నేర్పించారు అన్నది.

లోకల్ ఎవరు?

ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం అయ్యాక 1973లో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వెంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ప్రాంతాలు చేశారు. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు లోకల్ వాళ్ళకి, 15 శాతం అందరికీ. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, అమ్మానాన్నల ఊరు కాదు. ముఖ్యమైన కొలబద్ద, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఎక్కడ చదివావు అన్నది. కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, నెల్లూరు మాత్రం శ్రీ వెంకటేశ్వర. రాష్ట్రమంతటికీ చెందిన సంస్థల్లో ఐతే 42:36:22 నిష్పత్తిలో మూడు ప్రాంతాలకీ పంపకం.

దీని వల్ల డెల్టా వాళ్ళకి నష్టం జరిగిందని మా పెద్దవాళ్ళు అనేవాళ్ళు. నిజమే, ఒక రకంగా. 1855లో ఆనకట్ట కట్టినప్పట్నించి డెల్టాలో నీళ్ళున్నాయి, నీళ్ళున్నచోట వరి, వరి ఉన్నచోట మిగులు, మిగులున్నచోట హైస్కూళ్ళు. ఉన్నది ఒక్క క్యూ ఐతే అందులో ముందు నిలబడేది ఎవరో చెప్పక్కర్లేదు. మూడు క్యూలు కట్టడం వల్లే అనంతపురం, ఆదిలాబాదు పిల్లలు తెల్లకోటు వేసుకోగలిగారు. 1970లో వచ్చిన బీసీ జాబితాకి, ఏ, బీ, సీ, డీ గ్రూపులుగా 25 శాతం రిజర్వేషన్లకి 1972లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ తీర్పు కూడా మన మెడికల్ అడ్మిషన్ల మీదే. ర్యాంకు వరస పెట్టగలదు గానీ, ఎన్ని వరసలు ఉండాలో చెప్పలేదు. ఆ నిర్ణయం రాజకీయం చేస్తుంది, చెయ్యాలి కూడా.

1986, బెజవాడ

ఇంత డబ్బున్న డెల్టా నడిబొడ్డున బెజవాడలో 1980 దాకా మెడికల్ కాలేజీ లేదు. కృష్ణ దాటి గుంటూరు వెళ్ళాల్సిందే. 1980లో సిద్ధార్థ అకాడమీ వాళ్ళు ప్రైవేటుగా మెడికల్ కాలేజీ మొదలుపెట్టారు. తర్వాత అది యూనివర్సిటీ చేతిలోకి, ఆ పైన ప్రభుత్వం చేతిలోకి వెళ్ళింది. ఉమ్మడి రాష్ట్రంలో దాన్ని రాష్ట్రమంతటి సంస్థగా లెక్కేసి 42:36:22 ప్రకారం పంచారు. అలా గుణదలలో ఉన్న కాలేజీలో కరీంనగర్ వాళ్ళకీ వాటా ఉండేది.

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం వచ్చింది. అడ్మిషన్ అంటే అర్హత పరీక్ష మార్కుల మీదో, ఎంట్రన్స్ ర్యాంకు మీదో ఇవ్వాలి తప్ప డొనేషన్ మీద ఇవ్వకూడదు. కర్ణాటక చట్టం 1984, మహారాష్ట్ర 1987, తమిళనాడు 1992. మనవాళ్ళే ముందు. కాకపోతే అడ్డం పెట్టింది రాష్ట్రం సరిహద్దు లోపలే. డబ్బున్న డెల్టా కుటుంబాలు రైలెక్కి కర్ణాటక వెళ్ళాయి. బెంగళూరు, మణిపాల్, గుల్బర్గా అన్న పేర్లు మన పెళ్ళి సంబంధాల్లో ఎందుకు వినపడేవో ఇప్పుడు అర్థమవుతుంది. తర్వాతి తరం రష్యా, చైనా, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళింది. అదీ ఈ అడ్మిషన్ చరిత్రలో భాగమే, మన రాష్ట్రం రికార్డుల్లో కనపడదంతే.

1986 నవంబరు 1న విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఈ తరహా యూనివర్సిటీల్లో మొదటివాటిల్లో ఒకటి. తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైయస్సార్ పేరుకి మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. పేరు సంగతి అలా ఉంచితే, మెడికల్ సీట్ల కౌన్సెలింగుకి ఇదే కేంద్రమైంది. రాష్ట్రం నలుమూలల నుంచీ నాన్నలు ఫైళ్ళు చంకన పెట్టుకుని బెజవాడ దిగేవాళ్ళు. ర్యాంకు పిలిచే దాకా చెట్ల కింద నిలబడి, ఏ కాలేజీలో ఏ కేటగిరీలో ఎన్ని మిగిలాయో పక్కవాళ్ళనడిగి కాగితం మీద గీతలు గీసుకునేవాళ్ళు.

అదే 1986లో, అదే ఊళ్ళో, డాక్టర్ బి.ఎస్. రావు, ఝాన్సీ లక్ష్మీబాయి దంపతులు ఆడపిల్లల జూనియర్ కాలేజీతో శ్రీచైతన్య మొదలుపెట్టారు. ఇద్దరూ డాక్టర్లే. నాకు ఈ ఏడాది ఎప్పుడూ విచిత్రంగా అనిపిస్తుంది. తాళం వేసే ఆఫీసూ, తాళంచెవి తయారుచేసే కొట్టూ ఒకే ఊళ్ళో ఒకే ఏడాది తెరిచారు. ఎవరూ కుట్ర చెయ్యలేదు. ఒక్క పరీక్ష మీద జీవితం ఆధారపడ్డప్పుడు ఆ పరీక్ష కోసమే బతికే కాలేజీలు పుట్టక తప్పదు. పదేళ్ళు తిరిగేసరికి పోరంకి, ఈడుపుగల్లు, గోసాల దారి పొడుగునా హాస్టళ్ళు. పొద్దున చీకటితో లేవడం, వారం వారం పరీక్ష, ర్యాంకుని బట్టి సెక్షను మార్పు. కృష్ణాజిల్లా పిల్లల కోసం మొదలైన పద్ధతి రాష్ట్రం మొత్తానికీ, ఆ తర్వాత దేశానికీ ఎగుమతి అయింది.

సీటు ఎలా జారుతుంది?

ఈ ప్రోగ్రాంలో నాకు బాగా నచ్చిన ఒక ప్యాచీ గురించి చెప్తాను, ఎందుకంటే రిజర్వేషన్ మీద మన వాదనలు చాలావరకూ ఇది తెలియకే జరుగుతాయి.

ఒక బీసీ అమ్మాయికి మంచి ర్యాంకొచ్చింది అనుకోండి. ఓపెన్ కాంపిటిషన్‌లోనే ఆమెకి శ్రీకాకుళంలో సీటు వస్తుంది. కానీ బీసీ కోటాలో గుంటూరు ఖాళీ ఉంది, ఆమెది తెనాలి పక్క ఊరు. సహజంగా గుంటూరే అడుగుతుంది. ఇప్పుడు ఆమె వదిలేసిన శ్రీకాకుళం ఓపెన్ సీటు ఎవరికివ్వాలి? ఓపెన్ వాళ్ళకి ఇచ్చేస్తే బీసీలకి ఒక సీటు తగ్గినట్టే. ఆ అమ్మాయి తన ర్యాంకుతో సంపాదించుకున్న సీటు పోయింది, పైగా ఇంకో బీసీ విద్యార్థికి రావలసిన గుంటూరు సీటు ఖర్చైపోయింది. మంచి ర్యాంకు తెచ్చుకోవడం ఆమె వర్గానికి నష్టం తెచ్చిందన్నమాట! ఇది ముమ్మాటికీ బగ్గు. 2001లో వచ్చిన జీవో 550 దీనికే మందు. ఆమె ఖాళీ చేసిన సీటుని అదే కేటగిరీలో తర్వాతి వాళ్ళకివ్వాలి. దీనిమీద మళ్ళీ కేసులు, కౌన్సెలింగు ఆగిపోవడాలు, పత్రికల్లో రచ్చ. లోకల్, అన్‌రిజర్వుడ్, కేటగిరీ, ఆడపిల్లలకి మూడో వంతు, ఎన్‌సీసీ, సైనికుల పిల్లలు – ఇన్ని కీలతో సార్టు చేస్తూ ఎవరికీ అన్యాయం జరక్కుండా చూడటం ఎంత కష్టమో డేటాబేసులతో పనిచేసే మనకే బాగా తెలియాలి.

ఎస్సీ వర్గీకరణ కూడా ఇలాంటిదే. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవయ్యేళ్ళకి, 2024 ఆగస్టు 1న, ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెయ్యొచ్చంది. 2025లో తెలంగాణా, ఆంధ్రా రెండూ అమల్లోకి తెచ్చాయి. ఆ ఇరవయ్యేళ్ళలో ఎంతమంది పిల్లల వయసు దాటిపోయిందో ఏ తీర్పులోనూ ఉండదు.

ఫ్రీ సీటు, పేమెంట్ సీటు

1992లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీలకి అనుమతులిచ్చింది. హైకోర్టు తప్పు పట్టింది, ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ఆ అక్టోబరులో రాజీనామా చేశారు. మెడికల్ సీట్ల మీద ఒక ముఖ్యమంత్రి పదవి పోయిందంటే వాటి బరువెంతో ఊహించుకోవచ్చు. 1993 ఫిబ్రవరి 4న సుప్రీంకోర్టులో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వచ్చింది. అవతలి పక్షం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ప్రైవేటు కాలేజీలో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు, రెండూ మెరిట్ ప్రకారమే ఇవ్వాలంది కోర్టు. పద్నాలుగేళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కు అన్నది కూడా ఇదే తీర్పు. బడి చదువు హక్కు గురించిన ఆ మాట కాలేజీ సీట్ల తగాదాలోంచి పుట్టింది.

2002లో టీఎంఏ పాయ్ తీర్పుతో ఆ పద్ధతి పోయింది. 2005లో ఇనాందార్ తీర్పు ఎన్నారై సీట్లని 15 శాతం దాకా ఒప్పుకుంది. ఏ, బీ, సీ కేటగిరీలు వచ్చాయి: కన్వీనర్ కోటా, మేనేజిమెంటు కోటా, ఎన్నారై కోటా. ఈ మధ్యకాలంలోనే చిన అవుటపల్లి, చినకాకాని, ఏలూరు ఇలా బెజవాడ చుట్టూ ప్రైవేటు మెడికల్ కాలేజీలు లేచాయి. కర్ణాటక వెళ్ళే రైలు ఖాళీ అయింది, అంతే. డబ్బు సరిహద్దు లోపలికొచ్చింది.

2023లో మచిలీపట్నం, ఏలూరుతో సహా ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 150 సీట్ల చొప్పున మొదలయ్యాయి. బందరుకి మెడికల్ కాలేజీ అంటే చిన్న విషయమా! కానీ ఆ ఏడాది జీవో ప్రకారం ఈ కొత్త ప్రభుత్వ కాలేజీల్లో కూడా ఏడాదికి 15 వేల సీటు, 12 లక్షల సీటు, 20 లక్షల సీటు అని మూడు రకాలు. ప్రభుత్వ కాలేజీలో ఎన్నారై సీటు! మనలో చాలామందిని "మా వాడికి స్పాన్సర్‌గా సంతకం పెడతావా బాబాయ్" అని అడిగిన చుట్టాలు ఉంటారు. ఎన్నారై అంటే అమెరికాలో మేనత్తో మేనమామో ఉండటం కూడా అని పంజాబ్ ప్రభుత్వం అర్థం పెంచితే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని మోసం అని మొహానే అంది. "కోటాలతో మెరిట్ చచ్చిపోయింది" అనే మనవాళ్ళు ఈ కోటాని మాత్రం లెక్కలోకి తీసుకోరెందుకో.

ఎంసెట్‌లో ఎమ్ పోయింది

కోచింగ్ పట్టు తగ్గించడానికని 2000ల చివర్లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. ఏం జరిగింది? అవే కాలేజీలు ఎంసెట్‌తో పాటు ఇంటర్ మార్కులూ రుబ్బించడం మొదలుపెట్టాయి. 2013 మే 5న మొదటి నీట్, జులై 18న సుప్రీంకోర్టు కొట్టివేత, 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పు వెనక్కి. ఏప్రిల్ 28న కోర్టు నీట్ ఈ ఏడాదే అంది, మొదటి విడత పరీక్ష మే 1న! మూడు రోజుల వ్యవధి. ఆంధ్రాలో ఆ మధ్యలో 29న ఎంసెట్. చివరికి ఆర్డినెన్సు వచ్చి ప్రభుత్వ సీట్లకి ఆ ఒక్క ఏడాదీ రాష్ట్రాల పరీక్షలు ఉంచింది. తెలంగాణాలో ఎంసెట్-2 లీకై రద్దయింది, పిల్లలు సెప్టెంబరులో ఎంసెట్-3 రాశారు. ఒక్క ఏడాదిలో ఒకే సీటు కోసం నాలుగైదు సార్లు పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలున్నారు.

2017 నుంచి పూర్తిగా నీట్. ఆ తర్వాతి ఏడాది, అప్పటిదాకా 371-డి పేరు చెప్పి అఖిల భారత కోటాకి బయట ఉన్న తెలుగు రాష్ట్రాలు కూడా 15 శాతం సీట్లు ఇచ్చి లోపలికి వచ్చాయి. 2021లో ఆంధ్రాలో ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది. ఎమ్ తీసి ఫార్మసీకి పీ పెట్టారు. డెల్టా దీన్ని కూడా రెండు మూడేళ్ళలో నేర్చేసుకుంది. సిలబస్ మారింది, నెగెటివ్ మార్కులొచ్చాయి, హాస్టళ్ళ బోర్డుల మీద ఎంసెట్ చెరిపి నీట్ రాశారు, అయిపోయింది. ఆ బోర్డు లేని ఊళ్ళో తెలుగు మీడియం పిల్లాడికి మాత్రం అంత తొందరగా అవ్వలేదు.

నీట్‌లో ఇంకో సంగతి. క్వాలిఫై అవ్వడానికి జనరల్ వాళ్ళకి 50 పర్సెంటైల్ చాలు. 2024లో 23 లక్షల మంది రాస్తే 13 లక్షల మంది క్వాలిఫై అయ్యారు. ఎంబీబీయస్ సీట్లు సుమారు లక్షా పదివేలు, అందులో దాదాపు సగమే ప్రభుత్వానివి. అంటే ప్రభుత్వ సీటుకి ర్యాంకు కావాలి. ప్రైవేటు బీ, సీ సీటుకి క్వాలిఫై అయితే చాలు, ఆ తర్వాత చెక్కుబుక్కు చూస్తుంది. ఐదు లక్షల ర్యాంకువాడు సీటెక్కి, లక్ష ర్యాంకువాడు ఇంట్లో కూర్చోవడం నియమాలకి విరుద్ధం కాదు. నియమాలే అలా ఉన్నాయి.

ఇప్పుడు మన పిల్లల సంగతి

1974 నాటి "నాలుగేళ్ళు ఎక్కడ చదివావు" అనే ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. 2024 జులైలో తెలంగాణా నియమాలు సవరించి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళూ రాష్ట్రంలోనే చదివితేనే లోకల్ అంది. హైదరాబాదులో పుట్టి పెరిగి, రెండేళ్ళు బెజవాడ హాస్టల్లో ఇంటర్ చదివిన పిల్లలు ఒక్క ఉత్తర్వుతో నాన్‌లోకల్ అయ్యారు. హైకోర్టు కొంత ఊరటనిచ్చింది గానీ 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షమే చెప్పింది. బయట పనిచేసే కొన్ని రకాల ప్రభుత్వోద్యోగుల పిల్లలకి మినహాయింపు ఉంది. బెంగళూరు, పూనా, డల్లాస్ తిరిగే మనలాంటి వాళ్ళ పిల్లలకి లేదు.

ఆ నియమం తప్పనను. రాష్ట్రం డబ్బుతో కట్టిన కాలేజీలో రాష్ట్రంలో చదివిన పిల్లలకి ముందు ఇస్తామనడం న్యాయమే. అనంతపురానికీ ఆదిలాబాదుకీ న్యాయమైనది మనకి తగిలినప్పుడు అన్యాయం అయిపోదు. నా అభ్యంతరం ఒక్కటే. నాలుగేళ్ళ వెనక్కి చూసే నియమాన్ని నాలుగేళ్ళ ముందు చెప్పాలి కదా? తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడు ఉన్న రూలు ఇంటర్ అయ్యేసరికి మారిపోతే, పిల్లాడు వెనక్కెళ్ళి మళ్ళీ తొమ్మిది చదవలేడు.

పైన చెప్పిన చరిత్రంతా ఇంకోసారి ఈ కళ్ళతో చూడండి. 1970లో మార్కులు చేతికొచ్చాక టెస్టు. 2016లో మూడు రోజుల ముందు నీట్. 2024లో ఇంటర్ అయిపోయాక లోకల్ రూలు. ప్రతి మార్పుకీ సమర్థించుకోదగ్గ కారణం ఉంది. ప్రతి మార్పులోనూ తట్టుకున్నవాళ్ళు ఒకరే, వెంటనే కోచింగో కాలేజీయో రాష్ట్రమో దేశమో మార్చగలిగినవాళ్ళు. కొలత ఏది పెట్టినా డబ్బూ సమాచారమూ ఉన్నవాళ్ళు నేర్చుకుంటారు. లేనివాళ్ళని కాపాడినవి రెండే: వాళ్ళ కోసం విడిగా గీసిన గీతలు, కొత్తగా కట్టిన ప్రభుత్వ కాలేజీలు. మూడోది ముందస్తు నోటీసు, అది ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

మనం ఒక ఏపీఐ తీసెయ్యాలంటే ఏడాది ముందు డెప్రికేషన్ నోటీసు ఇస్తాం, అవతల ఎవరో ముక్కూమొహం తెలియని కస్టమర్ కోడు ఆగిపోతుందని. తొమ్మిదో తరగతిలో అడుగుపెడుతున్న ఆడపిల్లకి ఆపాటి మర్యాద ఇవ్వమని అడగటానికి మెరిట్ పక్షమో రిజర్వేషన్ పక్షమో అయ్యుండక్కర్లేదు. ఇక్కడైనా అందరం ఒప్పుకోవచ్చేమో.